రేవు దగ్గర బోర్డు: మా పర్యావరణ కేంద్రం ప్రాజెక్టు డైరీ (ఇప్పటిదాకా లెక్కలతో)

మా రేవు దగ్గర వరద మట్టం, పోటు టైము, బావి నీళ్ళ అంకెలు, మా కార్యక్రమాలు పెట్టే బోర్డు చూసి పక్క ఊళ్ళ వాళ్ళు ఇద్దరు ముగ్గురు "అలాంటి బోర్డు మేమూ పెట్టుకుంటాం, కొలతలు పంపండి" అని అడిగారు, ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. మాది కోనసీమలో రాజోలు దీవి, గోదావరి వశిష్ట పాయ గట్టు. కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి, పాత ధాన్యం గోడౌన్లో ఒక గది, రెండు బీరువాలు, మడ మొక్కల నర్సరీ బెడ్లు కొన్ని.

సమస్య ఏంటంటే కార్యక్రమాలు పెడుతున్నాం, జనం రావట్లేదు. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవానికి రంగురంగుల ఫ్లెక్సీ కట్టించాం, వాట్సాప్ గ్రూపులో పెట్టాం, వచ్చిన వాళ్ళకంటే తెచ్చిన కుర్చీలు ఎక్కువ. గ్రూపులో మన మెసేజ్ పెట్టిన గంటకి దాని మీద పది గుడ్ మార్నింగ్ బొమ్మలు పడిపోతాయి. ఫ్లెక్సీ అయితే పాతిక రోజులకి గాలికి చినిగింది, దాన్ని ఎవరో గడ్డివాము మీద కప్పుకున్నారు, అదొక్కటే దానివల్ల జరిగిన మేలు.

స్టేజ్ 1: చెక్క, పైపు, పునాది (మార్చి, ఏప్రిల్)

చోటు ఎంచుకోడానికే ఎక్కువ టైం పట్టింది. కేంద్రం గోడ మీద పెడితే కేంద్రానికి వచ్చే వాళ్ళే చదువుతారు, వాళ్ళకి ఎలాగూ తెలుసు. రేవుకి దిగే దారి, కాలవ వంతెన కలిసే మలుపులో టీ కొట్టు ఉంది, పడవ కోసం ఎదురుచూసే వాళ్ళు అక్కడే నిలబడతారు. ఆ చోటే ఖాయం చేసి పంచాయతీకి కాగితం పెట్టి అనుమతి తీసుకున్నాం. ఈ కాగితం పని ముందే చేసుకోండి, పునాది పోశాక కాదు.

1. బోర్డు సైజు 6 అడుగులు × 4 అడుగులు. కింది అంచు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో.
2. ముందు సరుగుడు గుంజలు అనుకున్నాం, చవక, ఊళ్ళోనే దొరుకుతాయి. కానీ మా ఇసక నేలలో చెద పట్టి నేల మట్టం దగ్గర విరిగిపోతాయని పాకలు వేసే మేస్త్రి వద్దన్నాడు. రెండంగుళాల జీఐ పైపులు రెండు, ఒక్కోటి 10 అడుగులు.
3. గుంత రెండున్నర అడుగులు. రెండడుగులకే నీటి ఊట తగిలింది, కాంక్రీటు పలచనైపోతుంది, అందుకని ఊట తోడేసి పొడి మిక్స్ ఎక్కువ సిమెంటుతో వేశాం. మూడు రోజులు గుంజలు కదపకూడదు, పిల్లలు ఊగకుండా ముళ్ళకంప కట్టాం.
4. పైన 12 ఎంఎం కమర్షియల్ ప్లైవుడ్, ఎనామిల్ రెండు కోట్లు.

ప్లైవుడ్ జూన్ దాకా బాగుంది. తొలి వానలకి అంచులు ఉబ్బి పొరలు విడిపోయాయి. ముందు వెనకా పెయింటు వేశాం కానీ కోసిన అంచుల్లోంచి నీళ్ళు తాగేసింది. మెరైన్ ప్లై అయితే ఆగేదేమో గానీ ఆ రేటు మనకి కుదరదు.

ఖర్చు: పైపులు 2,400, సిమెంటు ఇసక రాళ్ళు 900, ప్లై 1,850, పెయింటు బ్రష్షులు 620.
ఇప్పటిదాకా: 5,770 రూపాయలు.

స్టేజ్ 2: అసలు ఏం రాయాలి

ప్లై బాగున్న రోజుల్లో దాని మీద కార్యక్రమాల పేర్లు, తేదీలు రాశాం. ఎవ్వరూ తల తిప్పలేదు. నేను టీ కొట్టులో కూర్చుని చూశాను, బోర్డుకి వీపు ఆనించి బీడీ కాల్చుకుంటున్నారు జనం. పడవ దిగిన ఒకాయన్ని అడిగితే "ఆయ్, సదివానండి, మీ మీటింగేదో ఉందంట గదా" అన్నాడు, ఏ మీటింగో ఎప్పుడో మాత్రం తెలీదు.

అదే టీ కొట్టు దగ్గర జనం ఒకరినొకరు రోజూ అడిగే ప్రశ్నలు నాలుగైదు ఉన్నాయి. కాలవ ఎప్పుడు కట్టేస్తారు, ఎప్పుడు వదులుతారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ఎంతుంది. పోటు ఎన్నింటికి. ఫలానా వీధి బావి నీళ్ళు ఉప్పెక్కాయంట నిజమేనా. ఇవి బోర్డు మీద ఉంటే రోజూ చూస్తారు, రోజూ చూసే బోర్డు మీద అడుగున ఒక లైను మన కార్యక్రమం ఉంటే అదీ కంట్లో పడుతుంది. ప్లాన్ మొత్తం మార్చింది ఈ ఒక్క లెక్క మీదే.

నాలుగు వరసలు పెట్టాం:
- పై వరస: జూన్ నుంచి అక్టోబరు దాకా ధవళేశ్వరం నీటిమట్టం అడుగుల్లో. మిగతా నెలల్లో కాలవ సంగతి.
- రెండు: పోటు టైములు, పగలొకటి రాత్రొకటి.
- మూడు: బావి నీళ్ళ టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో).
- నాలుగు: వచ్చే కార్యక్రమం, పక్కన ఒక లైను వార్త.

స్టేజ్ 3: అంకెలు (జూలై)

సుద్దతో రాస్తే వానకి పోతోంది, మార్కర్ తెల్లారి మంచుకి కారుతోంది. క్రికెట్ మ్యాచుల్లో స్కోరుబోర్డులాగా అంకెల రేకులు తగిలించడం మేలనిపించింది. ప్లై తీసేసి 8 × 4 అడుగుల ఏసీపీ షీటు (రెండు పక్కలా పల్చటి అల్యూమినియం, మధ్యలో ప్లాస్టిక్, షాపుల బోర్డులకి వాడేది) 3 ఎంఎం కొన్నాం. 6 అడుగులు బోర్డుకి పోయింది, మిగిలిన 2 × 4 ముక్కలోంచి అంకెలు.

లెక్క ఇలా. నీటిమట్టానికి నాలుగు గళ్ళు, పోటు రెండు టైములకి ఎనిమిది, టీడీఎస్‌కి నాలుగు, మొత్తం 16 గళ్ళు. గడికి పది అంకెలు, రేకు రెండువైపులా రాస్తే ఐదు రేకులు, అంటే 80. కానీ గంటల్లో పదుల స్థానంలో 0, 1 తప్ప రావు, ఒక్క రేకు చాలు. నిమిషాల పదుల స్థానంలో 5 దాటదు, మూడు రేకులు. అడుగుల పదుల స్థానానికి రెండు. ఇలా తగ్గిస్తే 65. రేకు 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు పెడితే ఆ ముక్కలోంచి సరిగ్గా 64 వస్తాయి, ఆ మిగిలిన ఒక్కటి పాత ప్లై ముక్కతో చేశాం, ఇప్పటికీ అదొక్కటే లావుగా ఉంటుంది.

కోయడం: రంపం వాడకండి. స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో మూడు నాలుగు సార్లు గీసి బల్ల అంచు మీద విరిస్తే చక్కగా విరుగుతుంది, పొట్టు కింద సైజు పోదు. విరిచిన అంచు చేతులు కోస్తుంది, గరుకు కాగితంతో రుద్దాలి.

ఫెయిలైనవి:
1. ఇనప కొక్కేలు. మా ఉప్పుగాలికి నెలన్నరలో తుప్పు కారి అంకెల మీద ఎర్ర చారలు పడ్డాయి. స్టెయిన్‌లెస్ కొక్కేలకి మారాం, కాస్త ఎక్కువైనా ముందే అవి కొనుక్కోండి.
2. గాలికి రేకులు ఎగిరిపోవడం. ఒకరోజు టీడీఎస్ వెయ్యి స్థానంలో రేకు కాలవలో తేలింది. వరస వరసకీ ముందు నుంచి గాలం నైలాన్ తాడు బిగించి కట్టాక ఆగింది. చేపల సామాన్ల కొట్లో దొరికే లావుపాటిది వాడండి, సన్నది ఎండకి చిట్లిపోద్ది.
3. నాలుగో వరసకి అక్రిలిక్ తలుపు. ఎవరూ చెరపకుండా అని పెట్టాం. పొద్దున లోపల ఆవిరి, మధ్యాన్నం ఎండ మెరుపు, ఏ పూటా చదవడానికి లేదు. తీసేశాం. దాని బదులు బోర్డు మొత్తాన్ని పైఅంచు ముందుకు వచ్చేలా కొంచెం వంచాం, మెరుపు సగం తగ్గింది.
4. తాటాకు పందిరి నీడ. చూడ్డానికి బాగుంది, వాన చుక్కలు సరిగ్గా బోర్డు మీదే పడ్డాయి. జీఐ రేకుతో రెండడుగుల చజ్జా వెల్డింగ్ చేయించాం.

చదవడం ఎంత దూరం నుంచి వీలవుతుందో రంగు అంకెలతో చూశాం. నల్ల నేల మీద పసుపు అంకె వంతెన అవతలి గట్టు నుంచి కూడా కనపడింది, తెల్ల నేల మీద ఎరుపు సాయంత్రం అయ్యేసరికి మాయమైపోయింది. ఎరుపు ఒక్క చోటే ఉంచాం, కింద చెప్తాను.

ఖర్చు: ఏసీపీ 2,600, ఇనప కొక్కేలు 160, స్టెయిన్‌లెస్ కొక్కేలు 400, చజ్జా రేకు యాంగిలు 1,750, వెల్డింగ్ కూలి 800, అక్రిలిక్ 1,400.
ఈ స్టేజ్: 7,110. ఇప్పటిదాకా: 12,880.

స్టేజ్ 4: ధవళేశ్వరం అంకెని మన మెట్ల మీదికి తేవడం

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర హెచ్చరికలు మూడు. 11.75 అడుగులకి మొదటిది, నీళ్ళ లెక్కలో 10 లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 13 లక్షలు. 17.75కి మూడోది, 17 లక్షలు. ఈ మూడు గీతలూ బోర్డు పక్కన నిలువు స్కేలు మీద ఎర్ర పెయింటుతో వేశాం, ఎరుపు అక్కడొక్కచోటే. పైన భద్రాచలానికి 43, 48, 53 అడుగులు అని చిన్నగా రాశాం, ఎందుకంటే అక్కడ పెరిగింది ఇక్కడికి రావడానికి టైం పడుతుంది, సర్దుకోవడానికి ఆ టైమే మనకి దక్కేది. పెద్దవాళ్ళు 1986 మాట ఎత్తకుండా ఉండరు కాబట్టి భద్రాచలంలో అప్పుడు 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని కూడా ఓ మూల రాసిపెట్టాం. దాంతో వాదనలు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు లెండి.

అయినా మొదటి వారమే ఒక ముసలాయన పట్టుకున్నాడు. "ధవళేశ్వరంలో పదమూడైతే మాకేటండీ? మా రేవులో ఎన్ని మెట్లు మునుగుతాయో సెప్పండి" అన్నాడు. మాట నిజమే కదా. దాంతో ఈ పని మొదలైంది:

1. రేవు మెట్లకి పైనుంచి కిందికి నంబర్లు పెయింటు.
2. వరద రోజుల్లో పొద్దునా సాయంత్రం ఏ మెట్టు మీద నీళ్ళున్నాయో నోటుబుక్కులో రాయడం, పక్కన ఆ రోజు ధవళేశ్వరం అంకె, పోటు టైము.
3. వరద తీసే రోజుల్లో కూడా రాయడం. ఇది మానేస్తారు అందరూ, మానొద్దు, ఎక్కేటప్పటి లెక్క దిగేటప్పటి లెక్కా ఒకటి కాదు.

తేలింది ఏంటంటే పొద్దున బులెటిన్లో చూసిన అంకె మా మెట్ల మీద ఆ సాయంత్రానికో రాత్రికో కనపడుతుంది, అమావాస్య పున్నమి పోట్లు తోడైతే అదే అంకెకి ఇంకో మెట్టు ఎక్కువ మునుగుతుంది, సముద్రం నీళ్ళని లోపలికి తీసుకోదు కాబట్టి. ఒక్క సీజన్ లెక్క చాలదు, అందుకే "ఇన్ని మెట్లు" అని గట్టిగా రాయట్లేదు, "పోయిన వరదలో ఇదే మట్టానికి ఇన్ని మెట్లు" అని మాత్రమే రాస్తున్నాం. మీరూ అంతకుమించి రాయకండి, వరద విషయంలో మన బోర్డు నమ్మి ఎవరైనా పశువుల్ని లంకలో వదిలేస్తే పూచీ ఎవరిది? చివరి మాట ఎప్పుడూ రెవెన్యూ వాళ్ళదే అని బోర్డు మీదే రాసుంది.

పోటు టైముల వరసకి వేటగాళ్ళు నవ్వారు, వాళ్ళకి తిథి చెప్తే చాలు టైము చెప్పేస్తారు, రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుందని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. చదివేది రొయ్యల చెరువుల వాళ్ళు, పడవెక్కే వాళ్ళు. కాకినాడ పోటు పట్టికలో టైముకి మా రేవులో టైముకి తేడా ఉంది, వెదురు గెడ పాతి చూసుకుని ఆ తేడా కలిపి పెడుతున్నాం. వరద ఉన్నప్పుడు ఆ వరస ఖాళీ, అప్పుడు పోటు పాటు తేడా రేవులో సరిగ్గా తెలీదు.

స్టేజ్ 5: బావుల టీడీఎస్

దీనికి పెన్నులాంటి చవక మీటరు, 350 రూపాయలు. మీటరు నిజం చెప్తోందో లేదో చూడ్డానికి దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పొటాషియం క్లోరైడ్ ద్రావణం కలిపిచ్చారు, లీటరు నీటికి 0.746 గ్రాములు. అది 25 డిగ్రీల దగ్గర 1413 మైక్రోసీమెన్స్ (నీళ్ళలోంచి కరెంటు ఎంత బాగా పారుతుందో చెప్పే కొలత) చూపాలి, అందులో సగాన్ని టీడీఎస్‌గా లెక్కేసే మీటరైతే 706 దగ్గర. మాది 690 చూపింది, బావుల పనికి అది చాలు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, ఇలాంటి చవక మీటర్లలో చాలా వాటికి ఉంటుంది. 999 దాటితే అంకె పక్కన చిన్నగా "×10" అని వెలుగుతుంది. మే నెలలో కుర్రాళ్ళు 184 అని రాసుకొచ్చారు, అసలది 1840. బోర్డెక్కింది. సాయంత్రానికి ఆ వీధి ఆడవాళ్ళు నలుగురు వచ్చి "మా నీళ్ళతో పప్పు ఉడకట్లేదు, మీరు తీపంటారేంటి" అని దులిపేశారు. ఆ తర్వాత రూలు: 300 లోపు అంకె వస్తే మీటరు ఫోటో లేకుండా బోర్డెక్కదు. మా దీవిలో వేసవిలో 300 లోపు బావి ఉంటే అదే పెద్ద వార్త.

కొలిచే పద్ధతి:
1. బోరింగయితే ఐదు నిమిషాలు కొట్టి వదిలేశాక పట్టాలి, బావయితే తోడుతున్న బావే ఎంచుకోవాలి.
2. సీసాని అదే నీళ్ళతో రెండుసార్లు తొలిచి నింపాలి.
3. నీళ్ళు నీడలో చల్లారాక కొలవాలి, ఎండలో ఉన్న సీసాకి అంకె ఊగుతుంది.
4. మీటరు మంచినీళ్ళలో కడిగి తుడవాలి, లేకపోతే ముందు బావి ఉప్పు తర్వాతి బావి ఖాతాలో పడుద్ది.

ఒక బావి ఏడాది చూడండి: ఫిబ్రవరి 640, ఏప్రిల్ ఆఖరు 980, మే ఆఖరు 1840, జూలై ఆఖరు 720. గన్నవరం అక్విడక్టు మీంచి కాలవ పారుతున్నన్నాళ్ళూ దాని ఊటే మన బావుల్లో తీపి, కాలవ కట్టేస్తే కింద ఉన్న ఉప్పునీరు పైకొస్తుంది. తాగే నీళ్ళకి భారత ప్రమాణం 500, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా. ఈ రెండు అంకెలూ వరస చివర రాశాం.

మొదట్లో బావి పక్కన ఇంటి పేరు రాసేవాళ్ళం. స్థలం అమ్మకానికి పెట్టిన ఒకాయనకి బేరం చెడింది, గొడవయింది. ఇప్పుడు వీధి పేరొక్కటే, అదీ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే. రొయ్యల చెరువుల వల్లే ఉప్పెక్కిందని బోర్డు మీద రాయమని కొందరు, రాయొద్దని కొందరు. మేం అంకె పెడతాం, కారణం పెట్టం. చెరువు గట్టు దగ్గర బావి, దూరంగా బావి రెండూ పక్కపక్కన పెడితే చదివేవాళ్ళు మనకంటే తెలివైనవాళ్ళే.

ఖర్చు: మీటరు 350. ఇప్పటిదాకా: 13,230.

స్టేజ్ 6: రోజూ ఎవరు మారుస్తారు

హైస్కూలు పిల్లలకి వంతులేశాం, పరీక్షలొచ్చాయి ఆగిపోయింది. మేం వంతులేసుకున్నాం, పెళ్ళిళ్ళ సీజనొచ్చింది ఆగిపోయింది. నాలుగు రోజులు పాత అంకె ఉంటే జనం చూడ్డం మానేస్తారు, మళ్ళీ చూపు తిప్పించడానికి రెండు వారాలు పట్టింది. చివరికి టీ కొట్టు అక్కే "పొద్దున్నే నాలుగున్నరకి నేనిక్కడే కదయ్యా, ఫోన్లో అంకెలు పంపండి, నేనేస్తాను. చజ్జా కింద ఒక బల్ల వేయించండి, అంతే" అంది. పాత ప్లైతో బల్ల చేసిచ్చాం. అప్పటినుంచి ఒక్కరోజు తప్పలేదు. వార్త లైను మాత్రం పన్నెండు మాటలు దాటకూడదు, ఇద్దరు ఫోన్లో ఖాయం చేశాకే రాయాలి అని పెట్టుకున్నాం, ఎందుకంటే వరదల్లో ఎవరో గట్టు తెగిందని సుద్దముక్కతో రాసి పోయారు, ఆ రాత్రి ఊరు నిద్రపోలేదు.

స్టేజ్ 7: కార్యక్రమాల తేదీలు తిరగరాయడం

బోర్డు చదవడం మొదలయ్యాక అసలు తప్పు తేదీల్లో ఉందని అర్థమైంది. ప్రపంచ దినాలన్నీ మన పంట, మన కాలవ చూసుకుని పెట్టినవి కావు కదా.

జూన్ 5కి మొక్కలు నాటితే మా ఇసకలో రోహిణి ఎండ మిగులుకే మాడిపోతున్నాయి. దాని బదులు మే ఆఖరి వారంలో ఎండిన కాలవలో దిగి ప్లాస్టిక్, గుర్రపుడెక్క వేళ్ళు తీయడం పెట్టాం. జూన్ 5 దాకా ఆగితే ఒక్కో ఏడు అప్పటికే నీళ్ళు వదిలేసి ఉంటారు. మొక్కలు జూలైలో వానలు నిలబడ్డాక. జూలై 26 మడ అడవుల దినం వరద ముప్పున్న రోజు, పడవెక్కించం, గదిలో మడ విత్తనాలు సంచుల్లో పెట్టడమే.

మేం సొంతంగా పెట్టుకున్న తేదీ నవంబరు 6. 1996లో కోనసీమని తుపాను కొట్టిన రోజు. "ఆ రాత్రి మీ ఇంట్లో ఏం జరిగింది, ఎక్కడ తల దాచుకున్నారు" అని ఒక్క లైను బోర్డు మీద రాశాం. గోడౌన్ గది చాలలేదు, బయట గోనెపట్టాలు వేశాం. మడ చెట్లు గాలికి, అలకి ఎలా అడ్డం నిలుస్తాయో మేం చెప్పాల్సిన పని పడలేదు, వాళ్ళే చెప్పుకున్నారు.

ఇప్పుడు నాలుగో వరసలో ఉన్నవి, వచ్చే ఐదు నెలలకి:

1. జనవరి, సంక్రాంతి అయ్యాక: నీటిపక్షుల లెక్క. ఆసియా నీటిపక్షుల గణన కూడా జనవరిలోనే. ప్రభల తీర్థం (సంక్రాంతికి ప్రభలు ఊరేగించే జాతర) రోజు పెట్టొద్దని అందరూ ముక్తకంఠంతో చెప్పారు. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్ళు వెళ్ళిపోకముందే ఒక పొద్దున. నత్తగుల్ల కొంగలు దాళ్వా (రెండో పంట వరి) చేలల్లో ఇప్పటికే దిగాయి. బైనాక్యులర్లు రెండే, అందుకని గట్టుకి ఒక జట్టు.
2. ఫిబ్రవరి 2: ఈసారి మీటింగ్ లేదు. పొద్దున చేలోకి వెళ్ళే దారిలోనే మురుగుకాలవ నీళ్ళు కొలిచి చూపించడం, అరగంటలో అయిపోవాలి.
3. ఫిబ్రవరి, మార్చి: అంతర్వేది వైపు ఇసకలో తాబేళ్ళ నడక. ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టే రోజులు. అటవీ శాఖ అనుమతి వస్తేనే. అంతర్వేది కల్యాణం రోజులు వదిలేసి తేదీ పెడతాం, ఆ జనంలో, ఆ లైట్లలో కుదరదు. జట్టుకి 20 మంది. తెల్ల వెలుగుకి తాబేళ్ళు బెదరకుండా టార్చీలకి ఎర్ర సెల్లోఫేన్ కట్టాం, ఒక పొర సరిపోలేదు, రెండు పొరలేస్తే తెల్ల వెలుగు రాలేదు. ఫోన్లు కొట్టులో ఇచ్చి రావాలి, ఈ రూలుకే ఎక్కువ గొడవ.
4. ఏప్రిల్, కాలవ కట్టేసే ముందు: ఊరచెరువు నింపే వారం. చెరువు నిండుగా ఉన్న రోజు టీడీఎస్ కొలిచి, వారం వారం వరస మీద పెడతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, వేటకెళ్ళే కుర్రాళ్ళు ఊళ్ళోనే ఉంటారు, కాలవ శుభ్రం పని వాళ్ళతో మాట్లాడి పెట్టుకున్నాం.

ఖర్చు: టార్చీలు, సెల్లోఫేన్ 540, కార్యక్రమాల పట్టీలు 300.
మొత్తం: 14,070. ఇందులో పనికిరాకుండా పోయినవి ప్లై, ఇనప కొక్కేలు, అక్రిలిక్ కలిపి 3,410. వాటిని వదిలేసి చేసుకుంటే మీకు 10,660కి అయిపోద్ది, బల్లకి చెక్క మాత్రం మీరే చూసుకోవాలి.

మిగిలిన పనులు: మెట్ల లెక్కకి ఇంకో వరద కావాలి (కావాలని కాదు, వస్తే రాసుకుంటాం). 2027 పుష్కరాలకి రేవు మెట్లు కొత్తగా కడతారంటున్నారు, కడితే మా నంబర్లన్నీ పోతాయి, అందుకని పాత మెట్ల ఎత్తులు ఇప్పుడే టేపుతో కొలిచి వంతెన గోడ మీద గీతలుగా ఎక్కిస్తున్నాం. సగం అయింది.